డి అండ్ సి అయిన పదో రోజున మళ్లీ బ్లీడింగ్: భయపడాలా?

ప్రశ్న: డాక్టరు గారూ, నమస్కారం. నాకు 44 ఏళ్లు. గుంటూరు బ్రాడీపేటలో ఇంట్లోనే జాకెట్లు కుడతాను. ఇద్దరు ఆడపిల్లలు. పిల్లల ఆపరేషన్ ఎప్పుడో అయిపోయింది. ఏడాదిగా డేట్ వస్తే పది పన్నెండు రోజులు ఆగడం లేదు. స్కానింగ్‌లో గర్భసంచి లోపలి పొర 16 మిల్లీమీటర్ల మందం ఉందనీ, చిన్న పాలిప్ (పొర మీద పెరిగే కండ) ఉన్నట్టుందనీ చెప్పారు. కొత్తపేటలో ఒక నర్సింగ్‌హోమ్‌లో మత్తిచ్చి, కెమెరాతో చూసి, పాలిప్ తీసి క్లీనింగ్ (డి అండ్ సి) చేశారు. పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇంటికొచ్చేశాను. అయిదో రోజుకల్లా మచ్చ కూడా లేదు, హమ్మయ్య అనుకున్నాను. పదో రోజున మళ్లీ ఎర్రగా మొదలైంది. ఇవాళ పన్నెండో రోజు. రోజుకు నాలుగు ప్యాడ్లు, చిన్న చిన్న గడ్డలు పడుతున్నాయి. జ్వరం లేదు. 21 రోజులు వేసుకోమని హార్మోన్ మాత్రలు రాశారు కానీ, లావైపోతావు, క్యాన్సర్ కూడా వస్తుందట అని మా ఆడపడుచు అంటే ఎనిమిదో రోజున మానేశాను. రక్తం 9.2 ఉందన్నారు. మా అత్తగారు పప్పు, పెరుగు, వంకాయ ముట్టనివ్వడం లేదు. పక్కింటావిడేమో సంచి తీయించేసుకో, పీడా పోతుంది అంటోంది. వచ్చే వారం విజయవాడలో మా తోడికోడలి కూతురి పెళ్లి. కృష్ణలో స్నానం చేసి అమ్మవారి దర్శనం చేసుకుంటానని మొక్కుకున్నాను. ముక్క పరీక్షకు పంపారు, రిపోర్టు ఇంకా తెచ్చుకోలేదు. అందులో ఏముంటుందోనని భయంగా ఉంది. నేనేం చేయాలి?

– ఒక సోదరి, గుంటూరు

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. బ్లీడింగ్ గురించి అంత భయంగా రాశారు, మాత్రలు మానేసిన సంగతి మాత్రం మాటవరసకి చెప్పినట్టు చెప్పారు. నా కంటికి ముందు ఆనింది అదే. ఎనిమిదో రోజున మాత్రలు ఆపారు, పదో రోజున ఎరుపు కనబడింది. ఈ రెండు తేదీలూ పక్కపక్కన పెట్టి చూడండి.

మీకు రాసినవి ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ జాతి మాత్రలు అయ్యుంటాయి. పెళ్లికో, వ్రతానికో డేట్ వెనక్కి జరపడానికి మనవాళ్లు మందుల షాపులో కొనుక్కునే మాత్రలు కూడా ఆ కోవలోవే. అవి వేసుకున్నన్నాళ్లూ గర్భసంచి లోపలి పొర నిలకడగా ఉంటుంది. ఆపేస్తే రెండు మూడు రోజులకు ఆ పొర ఊడి, నెలసరిలాగే బ్లీడింగ్ అవుతుంది. వ్రతం అయ్యాక మాత్ర ఆపితే ఎల్లుండికల్లా డేట్ వచ్చేయడం మీ చుట్టుపక్కల ఎవరికో ఒకరికి చూసే ఉంటారు. మీకు జరుగుతున్నదీ అలాంటిదేనని నాకు గట్టిగా అనిపిస్తోంది. లోపల ఏదో తెగిపోయి కారుతున్న రక్తం కాదిది, మందు మధ్యలో ఆపినందుకు వచ్చిన రక్తం. మామూలుగా నాలుగైదు రోజుల్లో, మహా అయితే వారంలో సర్దుకుంటుంది.

కానీ నేను మిమ్మల్ని దగ్గరుండి చూడలేదు. లోపల ఇన్ఫెక్షన్ మొదలైనా తగ్గిన బ్లీడింగ్ తిరగబెడుతుంది. అందుకని ఇవాళే మీకు చేసిన డాక్టరు గారికి ఫోన్ చేయండి. క్లీనింగ్ చేసిన తేదీ, మాత్ర ఆపిన తేదీ, రోజుకు తడుస్తున్న ప్యాడ్లు, ఈ మూడూ చెప్తే చాలు, వాళ్లకు సగం అర్థమైపోతుంది. మాత్రలు మానేశానంటే తిడతారేమోనని ఆ ముక్క దాచకండి. అది దాస్తే లేనిపోని స్కానింగులు, అక్కర్లేని మందులు నడుస్తాయి. మిగిలిన స్ట్రిప్ పారేయకండి, అలాగని ఈ రాత్రికి మీ అంతట మీరు మళ్లీ మొదలుపెట్టకండి. ఈ బ్లీడింగ్ అయిపోనిచ్చి అయిదో రోజు నుంచి మొదలుపెట్టమంటారో, వెంటనే వేసుకోమంటారో, లోపల చూసినవాళ్లు వాళ్లు కాబట్టి వాళ్లే చెప్పాలి.

మీ ఆడపడుచు మీ మంచికోరే చెప్పి ఉంటారు. విషయం మాత్రం తిరగబడింది. నలభై దాటాక చాలామందిలో అండం ప్రతి నెలా విడుదల కాదు. అండం విడుదల కాని నెలలో ఒంట్లో ప్రొజెస్టిరాన్ తయారవదు, ఈస్ట్రోజన్ అనే ఇంకో హార్మోన్ ఒక్కటే పనిచేస్తూ లోపలి పొరను పెంచుకుంటూ పోతుంది. మీ 16 మిల్లీమీటర్ల మందం వెనుక ఉన్నది ఇదే కావచ్చు. ఆ పెరుగుదలను ఆపి, పొరను కాపాడటానికే ఈ మాత్రలు ఇస్తారు. పొర చెడ్డదారి పట్టకుండా ఇచ్చే మందును క్యాన్సర్ తెచ్చే మందు అనుకుని మానేశారు మీరు. కొందరికి కడుపు ఉబ్బరం, రొమ్ముల్లో సలపరం, ఒళ్లు కాస్త బరువెక్కినట్టు ఉండటం నిజమే, ఆపాక అవి పోతాయి. కాలి రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టిన వాళ్లు, లివర్ జబ్బు ఉన్నవాళ్లు, రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లు మాత్రం ఇవి వేసుకోకూడదు. అలాంటివేమైనా ఉంటే మీ డాక్టరుకు ముందే తెలియాలి.

ఇక క్లీనింగ్‌లో అసలేం చేస్తారో చెప్తాను. మీరు జాకెట్లు కుడతారు కాబట్టి మీకు తేలిగ్గా అర్థమవుతుంది. గర్భసంచి జాకెట్ అనుకుంటే, వాళ్లు తీసింది లోపలి లైనింగ్ మాత్రమే. పైగుడ్డకు కత్తెర పడలేదు. కోత లేదు, కుట్లు లేవు. సంచి ముఖద్వారాన్ని కొద్దిగా వెడల్పు చేసి, కెమెరాతో చూస్తూ పాలిప్ తీసి, పొరను గీకి పరీక్షకు పంపారు. లైనింగ్ తీసిన చోట కొన్నాళ్లు పచ్చిగా ఉంటుంది, అక్కడి నుంచి రక్తం చెమరుస్తుంది. గర్భసంచి కండరం బిగుసుకుంటూ ఆ సన్న రక్తనాళాల నోళ్లు మూస్తుంది. మొదటి ఒకటి రెండు రోజులు పొత్తికడుపులో మెలిపెట్టినట్టు వచ్చే నొప్పి ఆ బిగుసుకోవడమే. అడుగున ఉన్న పొర నుంచి కొత్త లైనింగ్ దానంతటదే పుట్టుకొస్తుంది.

అందుకే క్లీనింగ్ తర్వాత నాలుగైదు రోజుల నుంచి రెండు వారాల దాకా కొద్దికొద్దిగా కనబడటం మామూలే. ఒకరోజు ఎర్రగా, మర్నాడు గులాబీ రంగులో, ఆ తర్వాత కాఫీడికాషన్‌లాగా. ఆ గోధుమరంగు చూసి కుళ్లిపోయిందని కంగారు పడేవాళ్లు చాలామంది ఉన్నారు. అది లోపల నిలిచి మెల్లగా దిగుతున్న పాత రక్తం. ఒక రోజంతా ఏమీ లేక, బట్టలుతికి లేచాక మళ్లీ కనబడవచ్చు. అంటే ఇంకాస్త కూర్చోమని ఒళ్లు చెప్తోందన్నమాట, పాడైపోయిందని కాదు.

నా సంగతి ఒకటి చెప్తాను. నాకు 47 ఏళ్లప్పుడు ఇదే పాలిప్, ఇదే క్లీనింగ్ జరిగింది. అప్పటికి ఎన్ని వందల మందికి నేనే చేసి, నేనే ధైర్యం చెప్పానో లెక్కలేదు. మూడో రోజు రాత్రి రెండింటికి బాత్రూమ్‌కని లేచాను. నిలబడగానే ఏదో జారినట్టయింది. లైటు వేసి చూస్తే రేగిపండంత గడ్డ, కింద నీళ్లన్నీ ఎర్రగా. గోడ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. చదివిందంతా ఆ క్షణంలో ఎటో పోయింది. కాసేపటికి తేరుకుని నాకు నేనే పేషెంటునైనట్టు ప్రశ్నలు వేసుకున్నాను. ప్యాడ్ ఎంత తడిసింది? పావు వంతు కూడా లేదు. కళ్లు తిరుగుతున్నాయా? లేదు. పొట్ట గట్టిగా ఉందా? మెత్తగానే ఉంది. జ్వరం? లేదు. కొత్త ప్యాడ్ పెట్టుకుని, గడియారం చూసి, గంటసేపు మేలుకున్నాను. ఆ గంటలో రూపాయి బిళ్లంత మచ్చ పడింది, అంతే. పడుకున్నప్పుడు రక్తం కిందికి దిగకుండా లోపలే చేరి గడ్డకడుతుంది, లేవగానే ఒక్కసారిగా పడుతుంది. నీళ్లలో నాలుగు చుక్కలు పడితే చాలు, బేసిన్ అంతా ఎర్రగా కనబడుతుంది. ఇవి నాకు తెలియనివి కావు, అయినా భయపడ్డాను. అందుకే మీ భయాన్ని నేను చిన్నదిగా చూడను.

ఎన్ని రోజులు అవుతోందన్న లెక్క కన్నా, ఎంత పోతోందన్న లెక్క ముఖ్యం. ఇది మన ఆడవాళ్లకు ఎవరూ నేర్పరు. ఓపీలో కూర్చుని ‘ఎంత అవుతోందమ్మా’ అంటే ‘చాలా అవుతోందండీ’ అంటారు. ‘ఎన్ని ప్యాడ్లు’ అంటే పక్కనున్న అమ్మ మొహం చూస్తారు. ఒకసారి తెనాలి వైపు పల్లె నుంచి ఒకావిడ నల్ల ప్లాస్టిక్ కవరు చీరకొంగులో దాచుకుని వచ్చింది. భర్త బయటికి వెళ్లేదాకా ఆగి, తలుపు వేశాక, సిగ్గుతో చచ్చిపోతూ ఆ కవరు నా ముందు పెట్టింది. పొద్దుట్నించి తడిసిన గుడ్డలవి. ‘క్షమించండమ్మా, నోటితో చెప్పడం రాక తెచ్చాను’ అంది. ఆవిడ తెచ్చిన ఆ కవరు చూసే వెంటనే అడ్మిట్ చేసుకుని రక్తం ఎక్కించాం. నోటిమాట ఒక్కటే విని ఉంటే మాత్రలు రాసి పంపేసేదాన్నేమో. ఆ రోజు నుంచి ఎవరికైనా చెప్తాను, ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, చూపించండి, ఫోన్లో ఫోటో తీసి అయినా తెచ్చుకోండి అని.

మామూలు నెలసరిలో మొత్తం అన్ని రోజులూ కలిపి పోయేది 30 నుంచి 40 మిల్లీలీటర్లు, అంటే చిన్న టీ గ్లాసులో సగం కూడా నిండదు. 80 మిల్లీలీటర్లు దాటితే ఎక్కువ పోతున్నట్టు. మీరు రోజుకు నాలుగు ప్యాడ్లు అన్నారు. నాలుగూ పూర్తిగా తడిసినవా, మచ్చ పడగానే మార్చినవా? మీ కుట్టుమిషన్ పక్కన కొలతలు రాసుకునే పుస్తకం ఉంటుంది కదా, అందులో చివరి పేజీ దీనికి కేటాయించండి. ప్యాడ్ మార్చిన టైము, సగం తడిసిందో పూర్తిగా తడిసిందో, గడ్డ పడితే శనగగింజంతా, ఉసిరికాయంతా? ఇంతే. నిండకపోయినా నాలుగైదు గంటలకోసారి ప్యాడ్ మార్చండి, గుంటూరు ఎండల్లో ఆ తడికి ఒరుసుకుపోతుంది, ఇన్ఫెక్షన్‌కూ దారి తీస్తుంది.

ఇప్పుడు చెప్పేది మాత్రం మీ పెద్దమ్మాయికి కూడా చదివి వినిపించండి, ఇంట్లో ఇంకొకరికి తెలిసి ఉండాలి. గంటకో ప్యాడ్ చొప్పున వరుసగా రెండు గంటలు పూర్తిగా తడిసిపోతే ఇక ఇంట్లో కూర్చోకూడదు. నిమ్మకాయ కన్నా పెద్ద గడ్డలు పడినా, నిలబడితే కళ్లు చీకట్లు కమ్మినా, గుండె దడదడలాడినా అంతే. జ్వరం 100.4 దాటడం, చలితో వణుకు, దుర్వాసనతో తెలుపో పసుపో కారడం ఇన్ఫెక్షన్ గుర్తులు. మాత్ర వేసుకున్నా తగ్గకుండా పొత్తికడుపు నొప్పి పెరుగుతూ పోవడం, పొట్ట ఉబ్బి గట్టిపడటం, ఆగని వాంతులు ఇంకో రకం గుర్తులు. చాలా అరుదుగా పరికరం గర్భసంచి గోడకు గుచ్చుకుంటుంది, అలాంటప్పుడు ఇలా ఉంటుంది. సాధారణంగా అది మొదటి ఒకటి రెండు రోజుల్లోనే బయటపడుతుంది, మీరు ఆ గండం దాటేశారనే అనుకోవచ్చు. వీటిలో ఏది కనబడినా పగలైతే మీ నర్సింగ్‌హోమ్‌కి వెళ్లండి, అర్ధరాత్రి అక్కడ ఎవరూ ఎత్తకపోతే తెల్లారేదాకా ఆగొద్దు. గుంటూరు జనరల్ ఆసుపత్రిలో ప్రసూతి విభాగం రాత్రీ పగలూ ఉంటుంది. 108కి ఫోన్ చేయండి. మీ ఆయన ఊళ్లో లేరనో, పక్కవాళ్లు ఏమనుకుంటారోననో ఆగిపోయిన వాళ్లను చూశాను, తెల్లారేసరికి మంచం మీద నుంచి లేవలేని స్థితిలో తీసుకొచ్చారు.

రక్తం ఆగడానికి మందుల షాపులో అడిగి మాత్రలు తెచ్చుకోవడం ఒకటి మన దగ్గర బాగా ఎక్కువ. ట్రనెక్సామిక్ ఆసిడ్ అనే మందు మంచిదే. 1960ల్లో జపాన్‌లో ఉటాకో ఒకమోటో అనే మహిళా శాస్త్రవేత్త, ఆమె భర్త కలిసి దీన్ని కనిపెట్టారు. ఏర్పడిన రక్తపుగడ్డ కరిగిపోకుండా నిలబెట్టడం దాని పని. అందుకే ఒంట్లో ఎక్కడైనా రక్తం గడ్డకట్టే జబ్బు ఉన్నవాళ్లకు అది ప్రమాదం. మీ డాక్టరు రాస్తే వేసుకోండి, షాపతను ఇచ్చాడని వద్దు. నొప్పికి కూడా ఆస్పిరిన్ వేసుకోకండి, అది రక్తాన్ని పలచబరుస్తుంది. మామూలు పారాసిటమాల్ చాలు.

మీ అత్తగారి పథ్యం దగ్గరికి వద్దాం. పప్పు తింటే చీము పడుతుందని, పెరుగు తింటే వాతమని, వంకాయ తింటే దురదని ఆవిడ వాళ్ల అత్తగారి దగ్గర విని ఉంటారు. ఆవిడ మనసు నొప్పించకుండా చెప్పండి, డాక్టరమ్మ పప్పు తప్పకుండా తినమన్నారని. చీము పట్టేది క్రిముల వల్ల, కందిపప్పు వల్ల కాదు. గాయం మానాలంటే మాంసకృత్తులు కావాలి. ఉత్త కారప్పొడి, వెల్లుల్లి వేసుకుని అన్నం తింటే 9.2 ఉన్న హిమోగ్లోబిన్ ఎక్కడి నుంచి పెరుగుతుంది? ఆడవాళ్లకు అది 12 ఉండాలి. ఏడాదిగా నెలనెలా పోయిన రక్తమే ఆ లోటు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం రావడం వయసు వల్ల అనుకుంటున్నారేమో, అందులో చాలా భాగం రక్తం లేకపోవడమే. పప్పు, గోంగూర, తోటకూర, గుడ్డు, తింటే మాంసం, చేప అన్నీ తినండి. అన్నంలో నిమ్మకాయ పిండుకోండి, ఇనుము ఒంటికి పట్టడానికి ఆ పులుపు సాయపడుతుంది.

కానీ తిండితోనే 9 నుంచి 12కి రావడం జరిగే పని కాదు. ఐరన్ మాత్ర కావాలి. మాత్రను టీతో, కాఫీతో, పాలతో వేసుకుంటే వేసుకోనట్టే. ముందూ వెనకా కనీసం గంట ఎడం ఉండాలి. విరేచనం నల్లగా అవుతుంది, కంగారు పడకండి. రక్తం 12కి వచ్చిందని తెలిసిన రోజున మాత్ర ఆపేస్తారు చాలామంది, అక్కడే తప్పు జరుగుతుంది. ఒంట్లో నిల్వలు నిండటానికి ఆ తర్వాత ఇంకో మూడు నెలలు వేసుకోవాలి. కడుపులో తిప్పి అసలు పడకపోతే డాక్టరుకు చెప్పండి, సెలైన్‌లో ఎక్కించే ఐరన్ ఉంది.

పెళ్లికి వెళ్లొచ్చు. గుంటూరు నుంచి విజయవాడకు బస్సులో గంట, గంటన్నర ప్రయాణం మీకేమీ చేయదు, ఆ సరికి బ్లీడింగ్ తగ్గి ఉంటే ఇంకా మంచిది. రెండు మూడు ప్యాడ్లు, ఐరన్ మాత్ర బ్యాగులో పెట్టుకోండి. పెళ్లింట్లో బిందెలు మోయడం, గుండిగలు దించడం మాత్రం మీ పని కాదని ముందే చెప్పేయండి. కృష్ణలో మునగడం మాత్రం ఇప్పుడు వద్దమ్మా. సంచి ముఖద్వారం కొన్నాళ్లు కాస్త తెరుచుకుని ఉంటుంది, లోపల ఇంకా పచ్చిగా ఉంటుంది. నది నీళ్లలో, చెరువు నీళ్లలో మునిగితే క్రిములు పైకి పాకే వీలుంది. ఘాట్ దగ్గర నాలుగు చుక్కలు నెత్తిన చల్లుకుని రండి. మునక బ్లీడింగ్ పూర్తిగా ఆగిన వారం తర్వాతి మాట. దర్శనం సంగతి మీ ఇంటి ఆచారం, మీ మనసు. వైద్యం వైపు నుంచి నాకు ఏ అభ్యంతరమూ లేదు, కొండ మీదికి మెట్లెక్కకుండా ఘాట్‌రోడ్డులో బండి మీద వెళ్లండి.

ఇంట్లో తలస్నానం రోజూ చేయవచ్చు, తొమ్మిది రోజులు తలకు పోసుకోకూడదన్న లెక్కేమీ లేదు. డెటాల్ కలిపిన నీళ్లతో కడుక్కోవడం, లోపలికి నీళ్లు కొట్టడం వంటివి చేయొద్దు, మామూలు నీళ్లతో పైపైన శుభ్రం చేసుకుంటే చాలు. బ్లీడింగ్ ఆగేదాకా, కనీసం రెండు వారాల పాటు భార్యాభర్తల కలయిక వద్దు. ఈ మాట చాలా ఆసుపత్రుల్లో చెప్పరు, చెప్పినా ఆవిడకు గొణిగినట్టు చెప్తారు. మీ ఆయనకు మీరు చెప్పలేకపోతే ఈ పేరా ఆయన చేతికి ఇవ్వండి. మిషన్ తొక్కడానికి ఇబ్బంది లేదు. గంటసేపు కుట్టి పావుగంట కాళ్లు చాపుకోండి. పట్నంబజారు నుంచి గుడ్డల మూటలు మోసుకురావడం మాత్రం ఇంకో వారం ఎవరికైనా అప్పగించండి.

సంచి తీయించేసుకోమన్న సలహా గురించి కాస్త గట్టిగానే చెప్తాను. 2015–16లో చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురుంటే, మన ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది ఉన్నారు. మన ఆడవాళ్ల సంచులు మిగతా దేశం కన్నా మూడు రెట్లు చెడిపోయాయా? కాదు. పిల్లలు పుట్టేశారు కదా, ఇంక అది ఎందుకు, ఉంటే క్యాన్సర్ వస్తుందేమో అన్న మాట ఇంటింటా నాటుకుపోయింది. 2022లో కేంద్ర ఆరోగ్యశాఖ అనవసరంగా గర్భసంచి తీయకుండా మార్గదర్శకాలు తెచ్చింది. 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు వాటిని మూడు నెలల్లో అమల్లో పెట్టాలని రాష్ట్రాలకు చెప్పింది. ముప్ఫై అయిదేళ్లకే సంచి, అండాశయాలు రెండూ తీయించుకుని, నలభై అయిదుకే మోకాళ్లు పట్టుకుని వచ్చేవాళ్లను చూస్తూనే ఉన్నాను. అండాశయాలు తీసేస్తే ముట్లుడిగిన స్థితి ఒక్క రోజులో వచ్చి పడుతుంది, ఎముకలు, గుండె రెండూ దెబ్బతింటాయి. అవి ఉంచి సంచి ఒక్కటే తీసినా కొందరికి ఆ స్థితి కొన్నేళ్లు ముందే వస్తుంది. తీయక తప్పని జబ్బులు ఉన్నాయి, అప్పుడు తీయాల్సిందే. పాలిప్, పొర మందం వాటిలోకి రావు. మాత్రలతో తగ్గకపోతే లోపల పెట్టే హార్మోన్ లూప్ ఉంది, ఒకసారి పెడితే కనీసం అయిదేళ్లు పనిచేస్తుంది. మొదటి మూడు నుంచి ఆరు నెలలు అక్కడక్కడ మచ్చలు పడతాయి, ఆ తర్వాత చాలామందికి బ్లీడింగ్ బాగా తగ్గిపోతుంది.

వచ్చే నెలసరి గురించి మీరు అడగలేదు, అయినా చెప్పి ఉంచుతాను. క్లీనింగ్ తర్వాత మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాల్లో వస్తుంది. మీకు మాత్రల వల్ల లెక్క మారింది కాబట్టి తేదీ మీ డాక్టరునే అడిగి రాసుకోండి. మొదటిసారి ఎక్కువ కావచ్చు, తక్కువ కావచ్చు. మాత్రలన్నీ అయిపోయి రెండు నెలలైనా అసలు రాకుండా, నెలనెలా నొప్పి మాత్రం వస్తుంటే వెళ్లి చూపించుకోండి. గీకినప్పుడు అడుగు పొర దెబ్బతిని లోపలి గోడలు అతుక్కోవడం అరుదుగా జరుగుతుంది.

అన్నిటికన్నా ముందు ఆ రిపోర్టు తెచ్చుకోండి. మీకు క్లీనింగ్ చేసింది రోగం కడిగేయడానికి మాత్రమే కాదు, ఆ ముక్క ఏం చెప్తుందో తెలుసుకోవడానికి. అది తెచ్చుకోకపోతే మత్తూ, నొప్పీ, ఖర్చూ సగం వృథా. నలభై అయిదుకు దగ్గరపడ్డ ఆడవాళ్లలో ఇంత బ్లీడింగ్ అయితే ఈ పరీక్ష చేయడం మామూలు జాగ్రత్త, మీకేదో ఉందని అనుమానించి చేసింది కాదు. అందులో ప్రొలిఫరేటివ్ అనో, సెక్రెటోరీ అనో, బినైన్ పాలిప్ అనో ఉంటే మామూలు పొర, మామూలు పాలిప్ అని అర్థం. హైపర్‌ప్లేసియా వితౌట్ ఏటిపియా అని ఉంటే పొర ఎక్కువగా పెరిగిందని, కణాలు మాత్రం మంచివేనని. అది క్యాన్సర్‌గా మారే అవకాశం 20 ఏళ్లలో నూటికి అయిదుగురిలో కూడా ఉండదు, మీరు ఆపేసినవాటి లాంటి మాత్రలతోనే అది తగ్గుతుంది. ఏటిపియా, అంటే కణాల తీరులో తేడా, ఉందని రాస్తే మాత్రం ఆలస్యం చేయకుండా పెద్ద డాక్టరును కలవాలి, అప్పుడు సంచి తీయడం గురించి మాట్లాడాల్సి వస్తుంది, అదీ వేళకు తెలిస్తే పూర్తిగా నయమయ్యే దశలోనే ఉంటుంది.

రేపు పొద్దున మీ పెద్దమ్మాయిని తోడు తీసుకుని కొత్తపేట వెళ్లండి. మీరు రాసుకున్న ప్యాడ్ల లెక్క, మిగిలిన మాత్రల స్ట్రిప్ రెండూ పట్టుకెళ్లి డాక్టరు బల్ల మీద పెట్టండి. రిపోర్టులో అడుగున ఇంప్రెషన్ అని రాసిన చోట ఒకటి రెండు లైన్లుంటాయి, అవి ఉన్నవి ఉన్నట్టు రాసి నాకు పంపండి. మీ డాక్టరు చెప్పాక కూడా ఏదైనా అర్థం కాకపోతే మళ్లీ రాయండి, కూర్చుని చెప్తాను.